ఇద్దరికి సరిపోయే ఇన్వర్టర్

"ఇంకా అవలేదా?" అంది కళ్ళ డాక్టరు, వ్యాన్ తలుపులోంచి తొంగిచూస్తూ.

"ఎక్కడండీ! కేబుల్ పొడుగైపోయింది. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది," అన్నాడు ఎలక్ట్రీషియన్, మొహం మహా సీరియస్‌గా పెట్టి.

ఒక్క పూటలో అయ్యే పనిని వారం నుంచి చేస్తున్నాడు మహానుభావుడు. మొదటిరోజే బిగించేశాడు. మర్నాడు ఆమె నాన్నగారు చిన్న ఇన్వర్టర్ వద్దని పెద్దది తెప్పిస్తే, పండగ చేసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత గాలి ఆడట్లేదని విప్పాడు. ఫ్యూజు నచ్చలేదని విప్పాడు. అసలు సంగతేమిటంటే, స్విచ్ వేసిన మరుక్షణం ఆమె ఆ వ్యాన్‌లోనే మకాం పెట్టి ఊరూరా తిరిగి కళ్ళ పరీక్షలు చేయడానికి వెళ్ళిపోతుంది. ఆ మాట తలుచుకుంటే చాలు, అతని చేతిలో స్క్రూడ్రైవర్ దానంతటదే వెనక్కి తిరిగేది!

ఇవాళ మాత్రం విప్పడానికి ఇంకేం మిగల్లేదు.

"కెటిలూ హెయిర్ డ్రయ్యరూ కలిపి వేయకండి, కుయ్యోమంటుంది," అన్నాడు దిగులుగా. "అయినా ఒక్క మనిషికి ఇంత పెద్దది ఎందుకో!"

"ఒక్కరికి కాదు. ఇద్దరికి లెక్కేయండి."

అతను బిగించిన స్క్రూనే మళ్ళీ బిగించాడు.

"ఆ రెండో ఆయన... ఏమేం వాడతారు?"

"టీ పిచ్చి. పూటకి నాలుగుసార్లు కెటిల్ పెట్టాల్సిందే."

"బ్యాటరీని పీల్చి పిప్పి చేస్తాడండీ!"

"చలికాలంలో కూడా ఫ్యాన్ లేనిదే నిద్రపోడట."

"మనిషేనా వాడు?" అన్నాడు, తనకీ అదే అలవాటని కోపంలో మరిచిపోయి.

"పనైతే మరీ నెమ్మది. పూట పని వారం చేస్తాడు."

"సోమరిపోతు! ఏమీ అనుకోకండి, మీ మంచి కోరి చెప్తున్నాను. ఇలాంటివాడు మీకొద్దు."

"ఏం చేయను, నచ్చాడు. ఆ, మరిచాను, డ్రిల్లు చార్జర్ కూడా ఉంది. పసుపు రంగుది."

"కళ్ళ డాక్టరు వ్యాన్‌లో డ్రిల్లుతో వాడికేం పని?" అని రుసరుసలాడుతూ తన పసుపు చార్జర్‌ని సంచిలో కుక్కబోయి ఆగిపోయాడు. చార్జర్‌వైపు చూశాడు. ఆమెవైపు చూశాడు. మళ్ళీ చార్జర్‌వైపు చూశాడు.

"ఇంతసేపూ నేను తిట్టింది ఎవర్నండీ?"

"ఎదురుగా ఉన్నది కూడా కనపడట్లేదు మీకు. పరీక్ష చేయమంటారా?"

అతను చార్జర్‌ని మెల్లిగా ఇన్వర్టర్ పక్కన పెట్టాడు. "ఆ మనిషి మరీ అంత చెడ్డవాడేం కాదండీ. కెటిల్ రెండుసార్లకి తగ్గిస్తాడు. ఫ్యాన్ సంగతి..."

"ఫ్యాన్ ఉండనివ్వండి. నేను దుప్పటి కప్పుకుంటాను."

ఆ మాటతో అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది. "మీరు వెళ్ళిపోతారన్న భయంతోనే విప్పుతూ కూర్చున్నానండీ. మీరంటే నాకు ప్రాణం."

"తెలుసు. నాన్న మొదటిరోజే కనిపెట్టేశారు."

వ్యాన్ కిందనుంచి, గ్రీజు పూసుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చి రేకుమీద తట్టింది. "అందుకే కదయ్యా పెద్దది కొన్నాను! ఇక ఆ స్విచ్ వెయ్యి బాబూ, నా నడుం పట్టేసింది!"

అతను స్విచ్ వేశాడు. ఆ వారంలో మొదటిసారి, మళ్ళీ విప్పే ఉద్దేశం లేకుండా.

లైటు వెలిగింది.

"టీ పెట్టండి," అంది కళ్ళ డాక్టరు. "మీ మామగారికి కూడా."