టాలో వాగు లాంతరు

టాలో వాగు చప్టాకి మంచి పేరు లేదు. వాన పడ్డ రాత్రి అక్కడ నీటి అంచున దీపం ఊగుతుందనీ, అది కనబడ్డాక ముందుకి వెళ్లినవాడు లేడనీ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఆ పక్క గొర్రెలు పెంచుకునే వాళ్లందరూ చెప్పుకునేవారు. రెండేళ్ల కిందట అక్కడ మునిగిపోయిన కుర్రాడే దెయ్యమయ్యాడట.

నోలీన్ ఆ ప్రాంతానికి కొత్త. ఆమెకీ చెప్పారు. కానీ ఉన్ని కత్తిరించే ముఠాకి పన్నెండు రోజులు వండి వార్చి, నడుం విరిగి ఇంటికి బయల్దేరబోతుంటే కబురొచ్చింది, వాగు అవతల ఊళ్లో కూతురికి నొప్పులు మొదలయ్యాయని.

చప్టా చేరేసరికి చీకటి. రోడ్డు మూసినట్టు మడత బోర్డు. దాన్ని మడిచేసి పోవడం అక్కడ అందరికీ అలవాటే. ఆమె కూడా బండి దిగి మడిచింది.

నీళ్లు... అంత లోతనిపించలేదు. పైగా ఫోనులో వీడియో చూసింది కదా. ఎర్రటోపీ కుర్రాడొకడు నవ్వుతూ వాగు దాటేస్తాడు. అద్దాలు దించుకుంటే నీళ్లు లోపలికొచ్చి బండి బరువెక్కుతుందట, తేలదట. ఒకసారి చూసిన పాపానికి రోజూ అదే తెచ్చి కళ్ల ముందు పెట్టింది ఫోను. పదోసారికి నిజమే అనిపించింది.

అద్దాలు దించింది. ముందు చక్రాలు తడిశాయి—

దీపం.

ఊగుతూ... ఆమె వైపే వస్తోంది. బ్రేకు మీద కాలు బిగుసుకుపోయింది. తెరిచిన కిటికీలోంచి తడి చెయ్యొకటి లోపలికొచ్చి బండి తాళం తిప్పి ఆపేసింది.

"దెయ్యాన్ని కాదులే," అంది గొంతు, విసుగ్గా. "మెర్వ్‌ని. రోడ్ల పనివాణ్ణి. నువ్వు మడిచిన బోర్డు నేను పెట్టిందే."

వానకోటులో ముసలాయన. చప్టా మధ్యలో కాంక్రీటు కొట్టుకుపోయిందనీ, పైన నీళ్లుంటే అది కనబడదనీ, మోకాలి లోతు ప్రవాహం చాలు బండిని లేపెయ్యడానికనీ అరిగిపోయిన గొంతుతో చెప్పాడు. బోర్డు మాట వినేవాడు లేడట. దెయ్యానికైతే భయపడతారట. అందుకే ఆ పేరు అలాగే ఉండనిచ్చాడట.

ఫోనులో చూసి ధైర్యం చేశానని నోలీన్ గొణిగింది.

"ఎర్రటోపీ ఉందా వాడికి?"

"ఉంది. మీకెలా తెలుసు?"

"నేనే కొన్నా." లాంతరు కింద పెట్టాడు. "మా వాడే. మొదటిసారి దాటాడు, ఆ వీడియో తీశాడు. రెండోసారి దాటలేదు. తీసెయ్యండని ఆ వీడియోలు చూపించే కంపెనీకి రాశా. నియమాలకి విరుద్ధంగా లేదన్నారు. ఒకచోట తీయిస్తే ఇంకోడు పెడతాడు. నేను ఈ ఒక్క వాగు దగ్గరే, అమ్మా. వాడు అన్ని వాగుల దగ్గరా ఉన్నాడు."

ఎగువ వంతెన మీదుగా తొంభై కిలోమీటర్ల చుట్టు. పురుడు అంతదాకా ఆగుతుందో లేదో. అయినా ఆమె బండి తిప్పింది. వెనక, ముసలాయన మళ్లీ బోర్డు విప్పుతున్నాడు.

కాస్త దూరం పోయాక ఒళ్లో ఫోను వెలిగింది. కూతురేమో అని బండి ఆపి తీసింది.

ఎర్రటోపీ. పొడిగా ఉన్న మొహం.

"ఏం కాదు," అంటున్నాడు నవ్వుతూ. "అద్దాలు దించుకుని... వచ్చెయ్."