దిద్దిన వాంగ్మూలం

విచారణ గదిలోకి పంపే ముందు వరహాలమ్మ గొంతు మీది నుడిదిద్దిని గుమాస్తా ఒకసారి సరిచూశాడు. గోరంత బిళ్ళ అది. ఇంగ్లీషులో చెప్పదలచింది పెదాలతో గొణిగితే చాలు, తప్పులు దిద్ది, ఆ మనిషి గొంతుతోనే పైకి పలికేది. భీమిలికి దూరంగా సముద్రంలో తేలే ఆ విద్యుత్కేంద్రంలో పదకొండు దేశాలవాళ్ళు పనిచేసేవారు. టీ అడగాలన్నా నుడిదిద్ది ఉండాల్సిందే.

నుదుటి గాయం ఎలా అయిందని అధికారిణి అడిగింది.

తోటి మెకానిక్ తవిటినాయుడు, ఆమె అడిగిన పానాను నిచ్చెన మీద నుంచి విసిరాడు. ఆమె పట్టుకోలేకపోయింది. ఆ సంగతే చెబుతూ 'త్రూ ఇట్ టు మీ' అని గొణిగింది. నుడిదిద్ది 'త్రూ ఇట్ ఎట్ మీ' అని పలికింది. గాయం గురించి చెప్పేటప్పుడు జనం ఎక్కువగా వాడేది 'ఎట్' అని దాని లెక్క.

'టు' అంటే అందుకోమని విసరడం. 'ఎట్' అంటే తగలాలని విసరడం. తేడా ఆమెకు తెలుసు. కాదనబోయింది. కానీ శిక్షణలో మొదటిరోజు, ఇంకా బిళ్ళ ఇవ్వకముందు, తాను 'మ్యారీడ్ టు' అనాల్సిన చోట 'మ్యారీడ్ విత్' అన్నప్పుడు ముప్పైమంది నవ్వడం గుర్తొచ్చింది. తనకే సరిగా తెలియదేమోననుకుని, అవునని తల ఊపింది.

అందించడానికే విసిరానని నాయుడు చెప్పుకున్నాడు. గాయపడిన మనిషి మాటే చెల్లింది. సాయంత్రం అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి పడవలో ఒడ్డుకు పంపేశారు.

మూడు రోజులు వరహాలమ్మకు అన్నం సహించలేదు. నాలుగోరోజు సెలవు పెట్టి అతని ఇంటికి వెళ్ళింది. నాయుడు ఎవరిదో నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

"అన్నా, నాను 'టు' అనే అన్నాను. ఆ బిళ్ళే మార్చీసింది."

"నాకెలా తెలుస్తాది? నీ గొంతే ఇనబడింది." అతను తల ఎత్తలేదు. "నువ్వు ఇన్నావు గదా. అప్పుడెందుకు సెప్పలేదు?"

"నా ఇంగ్లీషే తప్పనుకున్నాను."

"ఇంగ్లీషు సంగతి వొగ్గీ. నాను నిన్ను కొట్టాలని ఇసిరినానా? అది నీకు తెల్దా?"

వరహాలమ్మ ఆ సాయంత్రం పడవకే కేంద్రానికి తిరిగి వచ్చేసింది.

మర్నాడు అధికారిణి ముందు బిళ్ళ పీకి బల్ల మీద పెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో, చెమటలు పడుతుండగా జరిగింది చెప్పింది. అధికారిణి పాత దస్త్రాలు తెరిచి చాలాసేపు చూసింది. ఆరేళ్ళలో నాలుగు వందల పైచిలుకు వాంగ్మూలాలు. దిద్దుబాటును కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే అది తప్పు చెయ్యదని సంస్థ నమ్మింది.

నాయుడికి ఉద్యోగం తిరిగి ఇచ్చారు. అతను వేరే షిఫ్టు అడిగి తీసుకున్నాడు. ఇదివరకు ఎదురుపడితే "ఏటే సెల్లీ" అనేవాడు. ఇప్పుడు పక్కకు తప్పుకుని దారి ఇస్తూ, "బాగున్నారా అండీ" అంటున్నాడు.

"బాగున్నానన్నా" అంటుంది వరహాలమ్మ, నేల చూపులతో.