ఆ రోజు కెప్టెన్ అరవలేదు

బెండకాయ తొడిమల్ని పెన్సిలు చెక్కినట్టు గుండ్రంగా చెక్కుతోంది ఆర్గిరో. కాయకి గాటు పడితే జిగురు బయటికొచ్చి కూర పాడవుతుందని జ్ఞానతల్లి స్టమాతా నోనా పక్కనే నిలబడి కాపలా కాస్తోంది. చెక్కిన కాయల మీద వెనిగర్ చల్లి పళ్ళెం ఎండలో పెట్టాలి. ఆగస్టు ఉపవాసాల్లో ఎర్మియోని ఊళ్ళో ఏ పెరట్లో చూసినా ఈ పళ్ళేలే.

"అంత లోతుగా కొయ్యకే పిల్లా. ఏథెన్స్ వెళ్ళాక చేతులు మొద్దుబారాయి నీకు."

"ఆఫీసులో బెండకాయలు కోయించరు నోనా."

"మరేం చేయిస్తారో ఆ బీమా ఆఫీసులో! ముప్పై దాటాయి. వేలికి ఉంగరం లేదు."

వీధిలో రొట్టెల వ్యాను హారన్ మోగింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఆర్గిరో కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళింది.

"నువ్వుల రొట్టె అయిపోయింది. సోంపు రొట్టె ఉంది," అన్నాడు వ్యానువాడు ఆమె మొహం చూడకుండా.

"సోంపు మా ఇంట్లో ఎవరికీ పడదు."

"అయితే ఇది పట్టుకెళ్ళండి."

రొట్టె తుంచితే లోపల ఒక వెండి ఉంగరం, బఠాణీ గింజంత ఇయర్‌ఫోన్ ఉన్నాయి. ఉంగరం వేలికి తొడుక్కుని, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, అత్తిచెట్టు వెనక్కి వెళ్ళింది. గూఢచారి శాఖ డైరెక్టర్ హలారిస్ గొంతు ఎప్పటిలాగే జలుబు చేసినట్టుంది.

"ఉప్పు?"

అది ఆమె కోడ్ పేరు.

"వింటున్నా."

"నౌకా స్థావరంలో ఒక చిప్ పోయింది. దొంగ దొరికాడు, శవమై. చిప్ దొరకలేదు."

"ఏం చిప్?"

"సబ్‌మెరైన్‌తో మాట్లాడే కోడ్ తాళం. అది బయటి ముఠా చేతిలో పడితే, చీకటి పడేసరికి మన సబ్‌మెరైన్ వాళ్ళ మ్యాపు మీద చుక్కలా కనిపిస్తుంది. ఆ తర్వాత దాన్ని ముంచడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అందులో..."

"మా తమ్ముడున్నాడు," అంది ఆర్గిరో.

"తెలుసు. చిప్ ఈ రోజే చేతులు మారుతుంది. ఇద్రా దీవి దగ్గర. మీ కెప్టెన్ పడవ మీద. ఒక్క మనిషికోసం పడవంతా అద్దెకి తీసుకుంది ఒకావిడ. పేరు ఇస్మీని. ముఠాలో మూడేళ్ళుగా ఉంది."

"ఇక్కడే పట్టేస్తే?"

"చిప్ ఆమె దగ్గరుందో లేదో తెలీదు. తీసుకునేదెవరో అసలే తెలీదు. ఉంగరం చిప్‌కి మూరెడు దూరంలోకి వస్తే సన్నగా వణుకుతుంది. దొరికితే 'బెండకాయలు ఎండాయి' అను. ఇంకో మాట. మంథోస్ సముద్రంలో ఉన్నాడన్నది రక్షణ రహస్యం. మీ నోనోస్‌కి, ఆ కెప్టెన్‌కి కూడా చెప్పొద్దు."

"మా ఇంటి సంగతి ఆయనకి తెలియనిదేముంది?"

"ఇది తెలియకూడదు."

లైను తెగింది. లోపలికి రాగానే నోనా కళ్ళు నేరుగా ఆమె వేలి మీద పడ్డాయి.

"ఓసి దొంగముఖమా! రొట్టెలవాడా?"

* * *

చర్చి తొట్టిలో ఆర్గిరోని నీళ్ళలో ముంచి పేరు పెట్టిన జ్ఞానతండ్రి, అంటే నోనోస్, స్టమాతా మొగుడు కెప్టెన్ పంటెలిస్. కన్నతండ్రి సముద్రంలో పోయాక ఆమెకీ, తమ్ముడు మంథోస్‌కీ తండ్రంటే, 'నోనే' అని పిలిచే ఈయనే. ప్రతి ఈస్టర్‌కీ తెల్ల కొవ్వొత్తి, కొత్త బూట్లు తెచ్చేవాడు. ఆమె కాలు ఎదిగిన సంగతి ఆమెకంటే ముందు ఆయనకే తెలిసేది. ఒకప్పుడు నౌకాదళంలో ఓడ నడిపాడు. పై అధికారి చేసిన తప్పుకి ఓడ రాళ్ళెక్కితే నేరం ఈయన నెత్తిన రుద్ది పంపేశారు. టోపీ మాత్రం ఇంకా పెట్టుకుంటాడు. ముందు బిళ్ళ ఉండాల్సిన చోట రెండు కన్నాలుంటాయి.

వేసవిలో ఆయన తెరచాప పడవ 'గ్లారోస్' మీద టూరిస్టులకి వండిపెట్టడం ఆర్గిరోకి అలవాటు. అందుకే ఈ రోజు ప్రత్యేకంగా వేషం వేయాల్సిన పని పడలేదు.

ఇస్మీని నిమ్మపండు రంగు గౌనులో, గొడుగంత టోపీతో వచ్చింది. పడవెక్కేటప్పుడు చెయ్యి అందించమన్నట్టు చాపింది. ఆర్గిరో ఆ చెయ్యి పట్టుకుంది, సంచీ అందుకుంది, టోపీ తీసి కొక్కేనికి తగిలించింది. ఉంగరం వణకలేదు.

"పెళ్ళయిందా?" అంది ఇస్మీని ఉంగరాన్ని చూసి నవ్వుతూ.

"రొట్టెలవాడితో కుదిరిందంటున్నారు."

ఉత్తరపు గాలి బాగా అందుకుంది. తెరచాప నిండింది. దోకోస్ దీవి అఖాతంలో లంగరు వేశారు. ఇస్మీని ఈతకి దిగింది. ఆమె నీళ్ళలో ఉన్నంతసేపూ ఆర్గిరో గదంతా గాలించింది. లిప్‌స్టిక్ విప్పింది, చెప్పుల మడమలు తిప్పింది, కెమెరా బ్యాటరీ లాగి చూసింది. ఏమీ లేదు.

మధ్యాహ్నం వెనిగర్‌లో నానేసిన ఆక్టోపస్, టమాటా, ఊరేసిన కేపర్ మొగ్గలు, గట్టి రొట్టె వడ్డించింది. కెప్టెన్ జున్ను పళ్ళెం అతిథి వైపు జరిపాడు. ఉపవాసాల్లో జున్ను ముట్టరు, ఆక్టోపస్‌కి అడ్డు లేదు.

"మంథోస్ పండక్కొస్తున్నాడా?" అన్నాడు నములుతూ.

"సెలవు దొరకలేదు నోనే."

"ఎక్కడున్నాడిప్పుడు?"

"క్రీట్‌లో. వంటశాల డ్యూటీ."

"ఒడ్డునేగా?"

"ఒడ్డునే."

"నీళ్ళ మీదికి పంపలేదుగా?"

"లేదంటున్నాగా నోనే. ఉల్లిపాయలు తరుగుతున్నాడట."

కెప్టెన్ ఊపిరి వదిలి రొట్టె ముక్క నూనెలో అద్దుకున్నాడు. "మంచిది. వాడికి ఈత నేర్పింది నేనే. రాయిలా మునిగేవాడు వెధవ." ఆ తర్వాత ఆకలిగా తిన్నాడు. తమ్ముడి గురించి ఆయనకి అబద్ధం చెప్పడం ఆర్గిరోకి అదే మొదటిసారి. ఆయన పళ్ళెంలో ఇంకో ఆక్టోపస్ ముక్క వేసింది.

లంగరు పైకి తీసి పడవ కదిలాక, సరదా పడుతోందని ఇస్మీని చేతికి చుక్కాని ఇచ్చి కెప్టెన్ ముందు కొసకి వెళ్ళాడు. చాలాసేపు తిరిగి రాలేదు. ఆర్గిరో కాఫీ పట్టుకెళ్ళింది. ఆయన లంగరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గొలుసుకి ఎర్రగుడ్డ చుట్టి ముడి వేస్తున్నాడు.

కప్పు అందిస్తుంటే ఉంగరం వణికింది.

ఆమె కిందికి చూసింది. పాదాల కింద, చెక్కకి అవతల, లంగరు లాగే మోటారుంది. అంత పెద్ద అయస్కాంతం పక్కన ఏ ఉంగరమైనా వణుకుతుంది.

"ఇక్కడెందుకు నోనే ఎర్రగుడ్డ? గొలుసు ఎంత లోతు దిగిందో తెలియడానికి నేను తెల్లవి కట్టానుగా."

"నీ తెల్లవి ఆనడం లేదు తల్లీ. కళ్ళు మసకబారుతున్నాయి."

ఉంగరం వణికినా ఆయన్ని అనుమానించే చోటు ఆమె బుర్రలో లేదు. కళ్ళజోడు కొనిపెట్టాలనుకుంది, అంతే.

* * *

ఇద్రా రేవు చిన్నది. వచ్చిన పడవ రేవు మధ్యలో లంగరు వదిలి, వెనక్కి నడిచి, వెనక భాగం గట్టుకి కట్టుకోవాలి. పడవలు ఎక్కువై నీళ్ళ అడుగున గొలుసులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అడుగునున్నవాడు లంగరు లాగితే పైవాడి గొలుసు కూడా లేచొస్తుంది. ఇక ఇద్దరూ పడవ కొసలకి వచ్చి ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకుంటారు. వేసవిలో గట్టు మీద కాఫీ తాగేవాళ్ళకి రోజూ ఉండే వినోదం అది.

ఈ విషయంలో పంటెలిస్‌ది పెద్ద నోరు. పక్కవాడి గొలుసు ఎటు పోతోందో చూడకుండా లంగరు వదిలేవాడు చెప్పులు తిప్పి తొడుక్కునేవాడితో సమానం అనేవాడు. ఆర్గిరోకి లంగరు వేయడం నేర్పిందీ ఆయనే.

గట్టుకి ఒక పెద్ద తెల్ల మోటారు యాట్ కట్టి ఉంది. వెనక ఏదో దూరదేశపు జెండా. దాని గొలుసు నీళ్ళలోకి ఏటవాలుగా స్పష్టంగా కనబడుతోంది. కెప్టెన్ దాన్ని చూశాడు. చూసి, సరిగ్గా దాని మీదుగా తన లంగరు వదిలాడు.

"నోనే! వాళ్ళ గొలుసు!"

"పడిందా? చెప్పాగా, కళ్ళు."

ఇస్మీని గట్టు మీదికి దిగి కాఫీ హోటలు వైపు నడిచింది. టార్గెట్ వెళ్ళిపోతోంది. వెంట వెళ్ళాలి. ఆర్గిరో గట్టుకి వేసిన పలక మీద కాలు పెట్టింది. అప్పుడే తెల్ల యాట్ ఇంజన్ మోగింది. దాని ముందు కొసన ఒకడు పొడుగాటి కొక్కెం పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ గొలుసు లేస్తోంది. దాని మీద మాల వేసినట్టు 'గ్లారోస్' గొలుసు కూడా నీళ్ళు కారుతూ లేస్తోంది.

కాఫీ తాగేవాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు, తిట్లు వినడానికి.

తిట్లు రాలేదు.

పంటెలిస్ పడవ ముందు కొసన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మెత్తగా, దాదాపు మర్యాదగా. ఆర్గిరో పుట్టినప్పటినుంచీ ఆయన తన గొలుసు ఇంకొకడు ముట్టుకుంటే అరవకుండా ఊరుకోవడం చూడలేదు.

అటువాడు కొక్కెంతో గొలుసు దగ్గరికి లాక్కున్నాడు. ఎర్రగుడ్డ నీళ్ళలోంచి బయటికొచ్చింది.

ఉంగరం వణికింది మోటారుకి కాదు.

ఆమె పరిగెత్తింది. కెప్టెన్ రెండు చేతులూ చాపాడు.

"ఆగు తల్లీ. వాళ్ళే విడదీసుకుంటారు."

"మీరెందుకు తిట్టడం లేదు నోనే?"

ఆయన భుజం మీదుగా యాట్ వైపు చూశాడు. అటువాడి వేళ్ళు ఎర్రగుడ్డ ముడి మీద పడ్డాయి. ఆర్గిరో నోనోస్ చేతుల కిందనుంచి వంగి, మోటారు మీటని బోసి పాదంతో తొక్కింది.

గొలుసు ఒక్కసారిగా గలగలమంటూ ఇటు పరిగెత్తింది. పైనున్న గొలుసుకి ఏ అడ్డూ లేదు. వాడు వేళ్ళు నలిగిపోతాయని కేక పెట్టి చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఎర్రగుడ్డ నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి ఆమె పిడికిట్లో పడింది. దాని వెనకే లేచొచ్చిన 'గ్లారోస్' లంగరు, తెల్ల యాట్ గొలుసుని చేపల గాలంలా పట్టుకుంది. ఇప్పుడు నిజంగానే చిక్కుపడింది. యాట్ ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. రేవు పోలీసుల పడవ వచ్చేసరికి అందులో వాళ్ళు నాలుగు భాషల్లో తిట్టుకుంటున్నారు. కాఫీ తాగేవాళ్ళకి ఊరట కలిగింది.

"బెండకాయలు ఎండాయి," అంది ఆర్గిరో చెవిలోని గింజతో.

* * *

"గౌను మీద కాఫీ ఒలికింది నీవల్ల," అంటూ ఇస్మీని పలకెక్కి వచ్చింది. "కంగారుపడకు. ముఠాలో ఉన్నమాట నిజమే. కానీ పనిచేసేది హలారిస్‌కి."

"మరి ఆయన నాకెందుకు చెప్పలేదు?"

ఇస్మీని తల పైకెత్తి నాలుకతో చిన్న చప్పుడు చేసింది, అడగొద్దన్నట్టు. ఆర్గిరో కదల్లేదు.

"పడవ మీద ముఠా మనిషి ఒకరున్నారని మాకు తెలుసు. ఎవరో తెలీదు. ఇతను ఉత్త ముసలాడు, అనుకున్నాం."

"అంటే నేను."

"ఆ ఉంగరం నీ మాటలన్నీ కూడా హలారిస్‌కి పంపుతోంది. పొద్దుటినుంచీ."

ఆర్గిరో ఎర్రగుడ్డ ముడి విప్పి, చిప్‌నీ ఉంగరాన్నీ ఆమె అరచేతిలో పెట్టింది.

"ఒక్కటడుగుతా. ఈయన్ని ఇంటిదాకా వెళ్ళనివ్వండి. నోనా వండుకుని ఎదురు చూస్తుంటుంది."

ఇస్మీని ఆలోచించింది. "వీధి చివర కారుంటుంది," అంది.

తిరుగు ప్రయాణంలో తెరచాప విప్పలేదు. చుక్కాని ఆర్గిరో పట్టుకుంది. కెప్టెన్ ముందు కొసన వీపు తిప్పి కూర్చున్నాడు.

* * *

వంటింట్లో బెండకాయ కూర వాసన. నోనా మూడు పళ్ళేలు పెట్టి, రొట్టె కోస్తానని లోపలికెళ్ళింది. కెప్టెన్ తన కుర్చీలో కూర్చున్నాడు. ఆర్గిరో తడిసిన ఎర్రగుడ్డని ఆయన పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇందులో ఏముండేదో తెలుసా మీకు?"

"నౌకాదళానిది ఏదో. వాళ్ళు నా టోపీ బిళ్ళ పీక్కున్నారు. నేనూ ఒకటి పీక్కున్నాను." ఆయన గొంతులో ఇంకా కొంచెం పొగరుంది. "ఎవరికీ ఏమీ కాదన్నారు ఆ యాట్‌వాళ్ళు."

"అది వాళ్ళకందితే ఒక సబ్‌మెరైన్ మునిగేది. మంథోస్ క్రీట్‌లో లేడు నోనే."

ఆయన తడిగుడ్డని వేలితో పళ్ళెం నుంచి దూరంగా నెట్టాడు.

"ఒడ్డునే అన్నావుగా," అన్నాడు. "రెండుసార్లు అడిగాను నిన్ను."

"అడిగారు."

"నువ్వు నిజం చెప్పుంటే..."

దోకోస్ అఖాతంలో లంగరు ఎత్తాక ఆయన ఆ గుడ్డని సముద్రంలోకి విసిరేసి ఉండేవాడని ఇద్దరికీ తెలుసు. అప్పుడు ఆర్గిరోకి ఎప్పటికీ తెలిసేది కాదు. వచ్చే ఈస్టర్‌కి కూడా కొవ్వొత్తి తెచ్చేవాడు.

నోనా రొట్టె తెచ్చి మధ్యలో పెట్టింది. "ఏంటిలా ఉన్నారు ఇద్దరూ? గాలి ఎక్కువైందా? తినండి. ఒక్క కాయ కూడా చిట్లలేదు, ఆర్గిరో చేతి చలవ."

కెప్టెన్ లేచాడు. టోపీ తీసి తలుపు పక్కన కొక్కేనికి తగిలించి, దాన్ని సరిచేశాడు. బయటికి వెళ్ళాడు. గుమ్మంలో ఒక్క క్షణం అలవాటుగా మొహం ఎత్తి గాలి ఎటునుంచి వస్తోందో చూసుకున్నాడు. తర్వాత వీధి చివరనున్న కారు వైపు నడిచాడు.

నోనా ఆయన పళ్ళెం మీద మూత పెట్టింది.

"లంగరు చూసుకోడానికే వెళ్ళుంటాడు," అంది విసుగ్గా. "ఎవడి గొలుసు మీదైనా పడిందేమోనని నిద్రపట్టదు ఆ మనిషికి."