దూరం పెరుగుతోంది

విమానం సముద్రం మీద ఉండగా సీక్రెట్ ఏజెంట్ డేగ చేతి గడియారం రెండుసార్లు వణికింది. డయల్ మీద చీఫ్ సందేశం జారింది.

'నెమలి మనల్ని శత్రుదేశానికి అమ్మేసింది. ఆమె సూట్‌కేసులో బాంబుంది. దిగాక ఆ పెట్టె అరైవల్ హాల్‌లోకి వచ్చేవేళకు పేలుతుంది. కంట్రోల్ టవర్‌లో వాళ్ళ మనిషున్నాడు, ఎవరో తెలీదు. పసిగడితే వాడే పేల్చేస్తాడు. ఆమె చేతే ఆపించు.'

పేరుకు డేగేగానీ, విమానం ఎక్కడమంటేనే అతనికి భయం. ఇప్పుడు అది రెట్టింపైంది. ఆ హాల్‌లోనే అతని భార్య, కూతురు ఎదురుచూస్తుంటారు. కింద చూస్తే అంతా నీళ్ళే, మధ్యలో దిగే చోటు లేదు.

తోటి ఏజెంట్ నెమలి పక్క సీట్లోనే ఉంది. నల్ల గాగుల్స్, ఎర్రటి లిప్‌స్టిక్. ఆమెకు కాపలాగానే ఇతన్ని పంపారు మరి! రెండు దేశాల జీతం తింటూ నిగనిగలాడుతున్న మనిషి, బెదిరిస్తే బెదిరే ఘటం కాదు. కానీ ఒక సంగతి అతను కనిపెట్టాడు. ఎదుటి స్క్రీన్ మీద మ్యాప్‌ను ఆమె క్షణానికోసారి చూస్తోంది. మిగిలిన దూరం, మిగిలిన సమయం. ఆ ఊరి నుంచి ఈ ఊరికి ఎంతసేపో లెక్కేసే టైమర్ పెట్టారు. ఆమె ధైర్యమంతా ఆ లెక్కలోనే ఉంది.

బాత్రూమ్ వంకతో లేచి, కాక్‌పిట్‌లో తన కార్డు చూపించి బాంబు సంగతి చెప్పాడు.

"చక్రాలు దిగట్లేదని టవర్‌కు చెప్పండి. గాల్లోనే తిప్పుతూ ఉండండి."

కెప్టెన్ వెనక్కి తిరిగాడు. "పేలితే?"

"ఆమెకూ ప్రాణం తీపే కదా. మనకున్న ఆశ అదొక్కటే."

వచ్చి కూర్చున్నాడు. ఊరి మేడలు కనిపిస్తుండగా విమానం పక్కకు ఒరిగింది. స్క్రీన్ మీద దూరం తగ్గడం మానేసి పెరగసాగింది.

నెమలి గాగుల్స్ తీసింది. "దూరం పెరుగుతోందేంటి?"

"చక్రాలు మొరాయించాయట మేడమ్. ఇంకో గంట పట్టొచ్చు. మీకేం తొందర? పెట్టె ఎక్కడికీ పోదుగా."

ఆమె మొహంలో పెదవులు తప్ప అంతా తెల్లబడింది. "నీకు తెలుసు!"

"తెలుసు."

"అందరం చస్తాం. దించమని చెప్పు!"

"మీరు ఆపాక." అతను సీటు బెల్టు బిగించాడు. "నాకూ భయంగానే ఉంది మేడమ్, మీకంటే ఎక్కువే. కానీ కింద నా కూతురుంది."

విమానం మరో చుట్టు తిరిగింది. వెనక సీట్లో పసిపాప ఏడుపందుకుంది. డేగ కళ్ళు మూసుకున్నాడు. కూతురి మొహం తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. ఇక అయిపోయిందనుకుంటుండగా పక్కన టక్కుమంది. నెమలి లిప్‌స్టిక్ మూత విరిచి లోపలి మీట నొక్కింది. అందులో వెలుగుతున్న చిన్న ఎర్రదీపం ఆరిపోయింది.

"ఎంత మిగిలింది?"

"ఒక్క నిమిషం కూడా లేదు," అని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

డేగ కబురు పంపగానే చక్రాలు బుద్ధిగా దిగాయి. నేల తాకేలోపు టవర్‌లోని మనిషి పేరు కూడా ఆమే చెప్పేసింది.

అరైవల్ హాల్‌లో భార్య రుసరుసలాడుతూ ఎదురొచ్చింది. "ఎంతసేపు నిలబెట్టారండీ! అంత దూరమా ఏంటి ఆ ఊరు?"

డేగ కూతుర్ని ఎత్తుకున్నాడు.

"దూరం కాదులేవే. గుమ్మం దాకా వచ్చాక బేరం కుదరడం ఆలస్యమైంది."