పిడి లేని పంపు

“మలగుంటకు ఇటుక గోడ కట్టేదాకా ఈ పంపుకు పిడి బిగించం.” 1854 సెప్టెంబరులో మా వార్డు కమిటీ ఇచ్చిన మాట ఇది. అప్పటికే కలరా మా లండన్ సందులో నలభై మందిని తీసుకుపోయింది. గుంటలోని మురుగు పంపు బావిలోకి ఊరుతోందని తేలాక, పిడి ఊడదీసింది నేనే. వార్డులో ఆరోగ్య గుమాస్తాను.

ఏడాది తిరగలేదు. గోడకు ఒక్క ఇటుకా పడలేదు. పిడి మాత్రం ఆగస్టు ఇరవైన బిగించాలని ఆర్డరు వచ్చింది. జనమే అడిగారట. కొళాయి నీళ్లు చప్పగా, పంపు నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయట. అర్జీలో మా కింది వాటా హెస్టర్ సంతకం చూసి ఒళ్లు మండింది. ఆమె పెద్దకూతురు నెల్‌ను మింగింది ఆ నీళ్లే. ఇక మిగిలింది చిన్నది, టిల్లీ.

శుభ్రమైన నీరు పేదవాడి జన్మహక్కు అని మెట్ల మీద నిలబడి ఉపన్యాసం దంచాను. హక్కులు తర్వాత, ముందు టీ రుచిగా ఉండనిమ్మని హెస్టర్ నవ్వేసింది.

పిడిని నా పెట్టెలో దాచి తాళం వేశాను. తాళంచెవి మెడలో వేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వాన వెలిసింది. సందంతా తడి బొగ్గు వాసన. కిటికీ కింద ఇనుము కీచుమంది. ఆగింది. మళ్లీ కీచు... వెంటనే నీళ్ల ధార.

కిందికి పరుగెత్తాను. పంపుకు పిడి లేదు. తూము నుంచి నీళ్లు కారుతున్నాయి. హెస్టర్ చేతిలో నిండు కూజా. టిల్లీ చేతిలో మగ్గు.

“ఎవరు కొట్టారు?”

“అరవకు బాబూ, జడుసుకుంటుంది,” హెస్టర్ గుసగుసలాడింది. “మా నెల్. చెల్లికి దాహమేస్తోందని వచ్చింది.”

మగ్గు లాక్కున్నాను. ఖాళీ.

“ఎన్ని తాగావే?”

“రెండు. అక్క ఇంకా తాగమంటోంది.”

పైకి వచ్చాను. పెట్టె తాళం వేసినట్టే ఉంది. తెరిచాను. పిడి తడిగా ఉంది... దాని మీద చిన్న వేళ్ల గుర్తులు.

ఇది ఆదివారం రాస్తున్నాను. తెల్లవారుజాము నుంచి టిల్లీకి వాంతులు. డాక్టరు కిందే ఉన్నాడు. పిడిని తుడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడే మళ్లీ చెమర్చింది.

ఈసారి రెండు జతల చేతుల గుర్తులు.

టిల్లీ ఇంకా బతికే ఉంది. కింద నుంచి మూలుగు వినిపిస్తోంది...

కమిటీ పెద్దలారా, గోడ ఎప్పుడు కడతారు? రాతపూర్వకంగా జవాబు కావాలి. గడువు 1855 ఆగస్టు 20.