సున్నాతో ముగిసిన బీపీలు

నూట ఇరవై, నూట ముప్ఫై, నూట నలభై. రెండు వందల మంది బీపీలూ సున్నాతోనే ముగిశాయి.

కల్పలత కంప్యూటర్ మీంచి తలెత్తి, ఎదురుగా నిలబడ్డ కన్నబాబును చూసింది. శ్రీకాకుళం నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డ ఇంటి కుర్రాడు. పీజీ డాక్టరు. మోండా మార్కెట్ కూరగాయల వాళ్ళ బీపీ మీద థీసిస్ రాస్తున్నాడు. వాళ్ళ మెడికల్ కాలేజీలో ఏ థీసిస్ లెక్కలైనా ఆమెలాంటి స్టాటిస్టిక్స్ వాళ్ళు సరిచూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే పరీక్ష లేదు.

"డాక్టర్ గారూ, నిజంగ మార్కెట్‌కు పోయిన్రా?"

"పోకుండా ఎలా రాస్తానండీ?"

"నిజంగ కొలిస్తే అన్నీ సున్నాలే ఎట్లొస్తయ్? ఇంట్ల ఫ్యాన్ కింద కూసొని సుత రాయొచ్చు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. వాదించకుండా ఫైలు తీసుకోబోయాడు. వాదిస్తే ఒక అనుమానం, వాదించకపోతే ఇంకో అనుమానం. కల్పలత ఫైలు తన దగ్గరే అట్టిపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు వెళ్ళి, కొత్తిమీర మీద నీళ్ళు చల్లుతున్న బుచ్చమ్మను పట్టుకుంది. జాబితాలో ఏడో పేరు ఆవిడది.

"అమ్మా, నీకు ఎవరన్న డాక్టర్ సారు బీపీ చూసిండా?"

"గా సన్నపు పిలగాడా? చూసిండు బిడ్డా. ఐదు నిమిషాలు గమ్మున కూసోమన్నడు. బేరం పోతదంటే, ఆయనే నిలబడి అమ్మిండు. అడిగినోళ్ళకు అడిగినన్ని కట్టలిచ్చి నన్ను ముంచిండు!"

కల్పలతకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మరో నలుగురిని అడిగింది. అందరిదీ అదే మాట. మనిషైతే వచ్చాడు. మరి ఈ సున్నాలేమిటి?

అడిగితే కన్నబాబు తల గోక్కున్నాడు. "క్యాజువాలిటీ అలవాటండీ. నూట ముప్ఫై ఆరుంటే నూట నలభై అని సిస్టర్‌కి కేకేసేస్తాం. తేడా ఏటుంటాది?"

"ఉంటది. నూట నలభై అంటే ఆ మనిషికి బీపీ ఉన్నట్టు లెక్క. లేని రోగం అంటగడుతున్రు. అందరికీ మళ్ళ చూడున్రి."

"గడువు ఇరవై రోజులే ఉందండీ. చివరి అంకెలు ఇక్కడో రెండు, అక్కడో ఆరు మార్చెయ్‌మన్నాడు మా సీనియర్."

"మీరేమన్నరు?"

"ఇంకా ఏమీ అన్లేదండీ."

ఆ 'ఇంకా' ఆమె మనసులో ముల్లులా దిగబడిపోయింది. నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు వాన పడుతుంటే గొడుగేసుకుని మళ్ళీ మార్కెట్‌కు వెళ్ళి, ఉల్లిపాయ బస్తాల చాటున నిలబడింది. కన్నబాబు వానలో గొంతుక్కూర్చుని, బుచ్చమ్మ చేతికి పట్టీ చుట్టి, మిషన్‌లో గీతలు ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు.

"నూట ముప్ఫై నాలుగు," అన్నాడు.

"సారూ, గా పిల్ల మల్లొచ్చింది సూడు," అంది బుచ్చమ్మ.

అతను వెనక్కి తిరిగాడు. "నా మీద నిఘానా మేడమ్?"

"డ్యూటీ."

"వానలో కూడానా?"

ఎప్పుడు ముందుకొచ్చిందో, ఎప్పుడు పట్టిందో, ఆమె గొడుగు అతని తల మీద ఉంది.

"కాగితాలు తడుస్తయని," అంది కల్పలత.

"అవి సంచిలో ఉన్నాయండీ."

గడువు నాలుగు రోజులుందనగా అతను కొత్త కాగితాలు పట్టుకొచ్చాడు. ఆమె ముట్టుకోలేదు.

"మీ ఫైలు నేను చూడ. మా డిపార్ట్‌మెంట్‌లనే ఉన్న ప్రిసిల్లా మేడమ్‌కు ఇయ్యిన్రి."

కన్నబాబు మొహం వాడిపోయింది. "ఇంకా నమ్మకం కుదర్లేదా? రెండు వందల మందినీ చూశానండీ, ఒట్టు."

ఆమె ఓ కాగితం అతని ముందుకు జరిపింది. డిపార్ట్‌మెంట్ పెద్దకు రాసిన ఉత్తరం. 'ఈ పరిశోధకుని పట్ల నాకు వ్యక్తిగతమైన అభిమానం ఏర్పడినందున, అతని లెక్కలు సరిచూసి సంతకం చేయుట ధర్మం కాదు.' కింద పెద్దాయన ముద్ర, 'అనుమతించడమైనది.'

అతను రెండుసార్లు చదివాడు. "పెద్దాయనకు చెప్పారు గానీ, నాకు చెప్పలేదేటండీ?"

"మీకు సుత ఉందో లేదో అని జెర అనుమానముండె."

కన్నబాబు పెన్ను తీసి, ఆ ముద్ర పక్కనే, 'నాకూను' అని రాసి సంతకం పెట్టాడు.

"తేదీ వెయ్యలే," అంది తలెత్తకుండా.

"పాత తేదీ వెయ్యొచ్చాండీ?"

"వద్దు. అట్ల వేస్తే తప్పు."

"అయితే ఎప్పట్నించి ఇష్టమో రాయడం కుదరదు మేడమ్. నోటితో చెప్తే నమ్ముతారా?"

నమ్మింది. ఈసారి ఎవరినీ అడగలేదు.