ఉమ్మడి బులెటిన్

రేడియో స్టేషన్ సౌండ్ ఇంజనీరును ఎవరో లిఫ్టులో పొడిచి చంపారు. మధ్యాహ్నానికల్లా అతని కుర్చీలో సీక్రెట్ ఏజెంట్ ‘పిల్లి’ కూర్చున్నాడు. పెట్టుడు మీసం, మెడలో దొంగ ఐడీ కార్డు.

యుద్ధం ఆగాక, నదికి రెండు ఒడ్డులుగా చీలిపోయిన ఆ నగరం ఒకే వార్తలు వినబోవడం ఇదే మొదటిసారి. దాన్ని చెడగొట్టడానికి ఓ విదేశీ ముఠా కాచుక్కూర్చుందనీ, ఎలా అన్నది వార్తలు చదివే ‘కోయిల’కే తెలుసనీ ఛీఫ్ చెప్పాడు. ఆమె అవతలి ఒడ్డు మనిషి. డబుల్ ఏజెంట్.

“ఇంతకీ ఎవరిని మోసం చేస్తోంది సార్?”

“అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?”

నల్ల గౌనులో, సెంటు ఘుమఘుమలతో కోయిల వచ్చింది. గొంతు బొంగురుపోయిందంది. వేడినీళ్ళు తాగమన్నాడు పిల్లి. కోడ్ సరిపోయింది. ముఠా బయటి నుంచి లైన్లోకి చొరబడి ఓ దొంగ రికార్డింగ్ వేస్తుందని ఆమె గుసగుసగా చెప్పింది. అందులో ఏముందో ఆమెకూ తెలియదు. లైన్లో వచ్చేది జనానికన్నా కొన్ని సెకన్ల ముందే పిల్లి హెడ్‌ఫోన్స్‌లో వినబడుతుంది. అతని చేతిలోని సిగరెట్ లైటర్ నొక్కితే బయటి లైన్ చచ్చిపోతుంది.

బులెటిన్ సగంలో ఉండగా హెడ్‌ఫోన్స్‌లో ఈ ఒడ్డు మేయర్ గొంతు వణికింది. అవతలివాళ్ళు వంతెన దాటొచ్చి ఇళ్ళు తగలబెడుతున్నారట. చేతికందింది పట్టుకుని బయటికి రమ్మంటున్నాడు. చెప్పిన వీధి పిల్లి అక్క ఉండే వీధి.

అది దొంగ రికార్డింగ్ అని అతనికి తెలుసు. అయినా ఒళ్ళు భగ్గుమంది. చెయ్యి లైటర్ వదిలేసి నడుం దగ్గరి పిస్టల్ మీదికి పోయింది. అద్దం అవతల కోయిల అతని ముఖం చూసింది. చదవడం ఆపకుండానే అరచేత్తో అద్దం మీద ఫెడీమని కొట్టింది.

ఆఖరి క్షణంలో పిల్లి లైటర్ నొక్కాడు. జనానికి చిన్న గరగర మాత్రం వినబడింది. కోయిల అంతరాయానికి చింతిస్తున్నామని చెప్పి వార్తలు పూర్తి చేసింది. ఈలోగా ఛీఫ్ మనుషులు స్టేషన్ వెనక వ్యానులో, ఇంజనీరును చంపిన ఆ ముఠాను పట్టుకున్నారు.

“నమ్మేశారు కదూ?” అంది కోయిల బయటికొచ్చి.

“మా అక్క అక్కడే ఉంటుంది.”

“నన్ను కాల్చేవారా?”

పిల్లి తల వంచుకున్నాడు.

అతను అక్కకు ఫోన్ చేశాడు. పొయ్యి మీద కూర మాడిపోతోందని అక్క విసుక్కుంది. ఆ విసుగు విన్నాకే అతను పెట్టుడు మీసం పీకి జేబులో వేసుకున్నాడు.

ఫోన్ పెట్టగానే స్టేషన్‌కు రెండు ఒడ్డుల నుంచీ కాల్స్ మొదలయ్యాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు: అవతలివాళ్ళ వాన గురించి ముందు చదివారట.